చూచినది మనదగుట యెట్లు?

ప్రేరణ యను మాట యిటీవల మన వ్రాతలలో మితిమీఱి వినవచ్చుచున్నది. కవితాసంపుటముల పీఠికలను చూడుడు. చిత్రప్రదర్శనముల ఆహ్వానపత్రికలను చూడుడు. ఎల్లోరా దర్శించుటవలన ఈ పద్యములు పుట్టినవనియు, హిమాలయములను చూచి వచ్చిన పిమ్మట ఈ పటములు వ్రాయబడినవనియు, సముద్రతీరమున నొక సాయంకాలము గడపగా ఈ కథ తట్టినదనియు రచయితలు చెప్పుకొందురు. అట్లు చెప్పుకొనుట తప్పు కాదు. కాని పీఠిక దాటి లోనికి పోయినచో ఎల్లోరా పేరు తప్ప ఎల్లోరా కానరాదు. కొండ యున్న చోట మఱి యే కొండయైనను ఉండవచ్చును. సముద్రము మనమందఱము పాఠ్యపుస్తకములలో చదువుకొన్న సముద్రమే. యాత్ర జరిగినది, ధనము వ్యయమైనది, వందలకొలది ఫొటోలు చేతిలోని ఫోనునకు ఎక్కినవి. రచనలోనికి మాత్రము ఏమియు రాలేదు.

ఈ లోపము ఒక్కొక్క రచయితదిగా మేము తలంచుట లేదు. దీని వెనుక మన యిండ్లలో వేరూనిన నమ్మకమొకటి కలదు. దూరపు కొండలు నునుపన్న సామెతను మనము ఇతరులను ఎగతాళి చేయుటకు వాడుదుము గాని, కళవిషయమున దానికి మనమే లోబడియుందుము. పెరటిచెట్టు మందునకు రాదన్న సామెత సరేసరి. ప్రేరణ యనునది ఎక్కడనో దూరమున సరకువలె అమ్మకమునకు ఉన్నదనియు, తీరికయు ధనమును గలవారు పోయి దానిని తెచ్చుకొందురనియు, తక్కినవారు వారు తెచ్చినదానిని చూచి మెచ్చుకొనవలసినదే యనియు మన భావము. ఈ భావమే నిజమైనచో మన స్త్రీలలో పెక్కుమందియు, పల్లెపిల్లలందఱును సృష్టికి వెలియైనవారే యగుదురు. కనుక ఈ విషయము కేవలము సౌందర్యశాస్త్రమునకు సంబంధించినది కాదు, గృహధర్మమునకును సంబంధించినది. చూచినది మనదగుట యెట్లో, చూచియు మనది కాకపోవుట యెట్లో, కొన్ని నిజమైన నిదర్శనములతో ఇచట విచారింతుము.

మొదట అజంతాను తీసికొందము. వాఘోరా యను చిన్న యేఱు గుఱ్ఱపులాడమువలె వంగిన చోట, కొండచఱియను తొలిచి నిర్మించిన గుహలు 30 వఱకు అచట కలవు. వానిలో కొన్ని క్రీస్తునకు పూర్వపువి; తక్కినవానిలో పెక్కింటిని క్రీస్తుశకము 5వ శతాబ్దమున, వాకాటకుల కాలమున తొలిచిరి. పిమ్మట లోకము వానిని మఱచిపోయెను. 1819లో మద్రాసు సైన్యమునకు చెందిన జాన్ స్మిత్ అను అధికారి వేటకై అటు వచ్చి వానిని చూచుటతో వాని పేరు మరల వెలుగులోనికి వచ్చెను. 1948 వఱకు ఆ ప్రదేశము హైదరాబాదు సంస్థానములోనిది, నేడు మహారాష్ట్రములోనిది.

ఆ గోడలపై బొమ్మలు వ్రాసినవారు ఏమి చూచి వ్రాసిరి? బుద్ధుని కథలను, జాతకములను వారు భిక్షువులవలన వినియుందురు. కాని కథ వినినంత మాత్రమున ఏనుగు తొండము చుట్టు తీరు తెలియదు. హంసలు మెడలు త్రిప్పుకొని ఒకదాని వెంట నొకటి నడచు తీరు తెలియదు. 2వ గుహలోని హంసల వరుసను చూచినవారికి, ఆ చిత్రకారుడు చెఱువుగట్టున ఎన్ని ఉదయములు కూర్చుండెనో యనిపించక మానదు. 17వ గుహలో, ఆకసమంత ఎత్తుగా నిలిచిన బుద్ధుని యెదుట ఒక తల్లియు బిడ్డయు తలలెత్తి చూచుచున్నారు. ఆమె యశోధర యనియు, ఆ బాలుడు రాహులుడనియు చెప్పుదురు. బిడ్డను ముందునకు నెట్టవలెనో, వెనుకకు లాగికొనవలెనో తెలియని ఆ తల్లి చేతిని ఏ శాస్త్రగ్రంథము నేర్పగలదు? అది వీథిలో, ఇంటిలో చూచి నేర్చుకొనవలసినది. వారు వాడిన రంగులును చాలవఱకు కాలిక్రింది మట్టినుండి వచ్చినవే: ఎఱ్ఱమన్ను, పచ్చమన్ను, సున్నపు తెలుపు, దీపపు మసి. నీలము మాత్రము దూరదేశపు లాజవర్దమను ఱాయినుండి వచ్చెను. ఊకయు నారయు కలిపి మెదిపిన మట్టిపూతపై పలుచని సున్నపుపూత వేసి, అది ఆఱిన పిమ్మట రంగులు పూసిరి. దగ్గఱనున్నదానితో దూరమునుండి వచ్చినదానిని కలుపుకొనుట వారికి తెలిసియుండెను. అజంతా మనకు నేర్పు మొదటి పాఠమిదియే.

రెండవ పాఠము ఆ గోడలకు ప్రతులు వ్రాసికొన్నవారి చరిత్రమునుండి వచ్చును. మద్రాసు సైన్యములోని రాబర్టు గిల్ అను నాతడు 1844 మొదలు పెక్కు సంవత్సరములు అచట నుండి పెద్ద పెద్ద ప్రతులను వ్రాసెను. వానిని లండనునకు చేర్చి సిడెనహాములోని స్ఫటికభవనమున ఉంచగా, 1866లో జరిగిన అగ్నిప్రమాదమున దాదాపు అన్నియు కాలిపోయెను. తరువాత బొంబాయి కళాపాఠశాలకు చెందిన జాన్ గ్రిఫిత్సు తన విద్యార్థులతో 1872 మొదలు 1885 వఱకు ఆ పనినే మరల చేసెను. ఆ ప్రతులలోను పెక్కు 1885లో లండనున జరిగిన మఱియొక అగ్నిప్రమాదమునకు గుఱియయ్యెను. మిగిలినవానితో ఆతడు 1896, 1897 సంవత్సరములలో రెండు పెద్ద సంపుటములను వెలువరించెను. వీరి శ్రమ గొప్పది. మూలములు నానాటికి మాసిపోవుచున్న గోడల విషయమున ఇట్టి శ్రమకు వెలకట్టలేము.

అయినను విమర్శకుని ప్రశ్న యొకటి నిలిచియే యున్నది. పదుమూడు సంవత్సరములు అజంతా గోడలయెదుట నిలిచిన ఆ బొంబాయి విద్యార్థుల స్వంతచిత్రములలో అజంతా ఎంతవఱకు ప్రవేశించెను? వారిలో పేరుగాంచిన పెస్తన్‌జీ బొమన్‌జీ తైలవర్ణములతో మనుష్యుల రూపచిత్రములను నేర్పుతో వ్రాసినవాడు. ఆ నేర్పు పాశ్చాత్యపద్ధతిలోనిదే. అజంతా ఆతని చేతికి తగిలెను గాని చూపునకు తగులలేదని మా అభిప్రాయము. దానికి ఆతనిని నిందింపరాదు. ఆనాటి పాఠశాల కట్టుబాటు అట్టిది. గోడను నకలు చేయుట యొక పని; చిత్రము వ్రాయుట మఱియొక పని. రెండింటికి నడుమ తలుపు తెఱచువారు లేకపోయిరి. సంస్కృతకావ్యమును కంఠస్థము చేసి, లేఖ వ్రాయవలసివచ్చినప్పుడు ఇంగ్లీషులో వ్రాయు పండితుని స్థితివంటిది వారి స్థితి.

1909లోను, 1910లోను, రెండు శీతకాలములు లేడీ హెరింగుహాము అను ఆంగ్లవనిత అజంతాలో మూడవమాఱు ప్రతులు వ్రాయించెను. ఆమెకు తోడుగా వంగదేశమునుండి నందలాల్ బోసు, అసిత్‌కుమార్ హల్దారు, సమరేంద్రనాథ గుప్తులును, మైసూరువాడైన వెంకటప్పయు, హైదరాబాదునుండి సయ్యద్ అహమ్మదు, మహమ్మదు ఫజ్లుద్దీనులును పనిచేసిరి. ఆ ప్రతులు 1915లో లండనున గ్రంథముగా వెలువడెను. వీరు గడపిన కాలము గ్రిఫిత్సు శిష్యుల కాలముతో పోల్చిన చాల తక్కువ. కాని వంగచిత్రకళపై దాని ముద్ర ఎంత లోతుగా పడినదో చిత్రకళాభిమానులందఱు ఎఱుగుదురు. కారణము స్పష్టము. వారు గోడయెదుట నిలుచుటకు ముందే వారి మనస్సులో నొక ప్రశ్న యుండెను: మన చిత్రము మనదిగా నుండవలెనన్నచో రేఖ యెట్లు నడువవలెను? ప్రశ్నతో పోయినవారికి గోడ బదులు చెప్పెను. ప్రశ్న లేక పోయినవారికి గోడ గోడగానే నిలిచెను.

ఇంతటితో కథ ముగిసినచో అది మంచి నీతికథయే యగును. కాని నిజము దానికంటె చిక్కైనది. అజంతా ముద్ర పడుటయే కొందఱికి కీడుగా పరిణమించెను. అరమూతలు పడిన కన్నులు, తీగలవలె సాగిన వ్రేళ్లు, విఱుపు తప్పని నడుము, ఎల్లవేళల విషాదము నిండిన మోము: ఇవి యొక సూత్రముగా మాఱి, కొంతకాలము దేశమంతటను పత్రికల ముఖచిత్రములను ఆక్రమించెను. మన తెలుగుపత్రికలును దానికి దూరముగా లేవు. శకుంతలయైనను, రాధయైనను, నీళ్లకు పోవు పల్లెపడుచైనను అదే మోమును ధరించెను. అజంతా చిత్రకారుడు హంసను చూచి హంసను వ్రాసెను. వీరు అజంతాను చూచి అజంతాను వ్రాసిరి. ఒకరి చూపు ఫలమును మఱియొకరు చూపుగా ధరింప జూచుట, అద్దాలజోడును ఎరవు తెచ్చుకొని పెట్టుకొనుటవంటిది. అది యెవరి కన్నులకై చేయబడినదో వారికే అమరును.

మఱి నందలాల్ బోసు ఈ వలనుండి యెట్లు తప్పించుకొనెను? ఆతడు 1921లో బాఘు గుహలకును పోయి ప్రతులు వ్రాసెను. పాతచిత్రముల విద్యలో ఆతనికి లోటు లేదు. కాని 1919లో స్థాపితమైన శాంతినికేతన కళాభవనమున ఆతడు శిష్యులకు నేర్పినది గుహాచిత్రములను మాత్రమే కాదు. చెట్టు, మేక, సంతాలు పల్లెలోని గుడిసె, వానకు ముందు ఆకసము, కనబడినదెల్ల గీయుడని ఆతని బోధ. తానును చిన్న చిన్న కార్డులమీద నిత్యమును గీయుచుండెను. ఆ అభ్యాసఫలము 1938లో కానవచ్చెను. గుజరాతులోని హరిపురమున జరిగిన కాంగ్రెసు మహాసభకు మహాత్ముని కోరికపై ఆతడు 80కి పైగా చిత్రములను వ్రాసెను. దేశములోని పల్లెజనులు నడచివచ్చి చూచు సభాస్థలమునకై వ్రాసినవి అవి. వానిలో రాజకుమారులు లేరు, బోధిసత్త్వులు లేరు. డప్పు వాయించువాడు, వడ్రంగి, బట్టలు కుట్టువాడు, చెప్పులు కుట్టువాడు, వడ్లు దంచు స్త్రీలు, నూలు వడకు స్త్రీ, ఎద్దును అదుపుచేయువాడు. వీరే అందలి నాయకులు.

ఈ చిత్రములలో అజంతా ఎచటనున్నది? వేషములలో లేదు, కన్నుల తీర్పులో లేదు. తడబడక ఒక్క దుడుకున సాగి దేహపు బరువంతయు మోయు రేఖలో ఉన్నది. నిండుగా పూసిన కొలది మట్టిరంగులలో ఉన్నది. అన్నింటికంటె ముఖ్యముగా, గోడమీది చిత్రము దారిన పోవు సామాన్యునికొఱకు అను ఎఱుకలో ఉన్నది. 1910కిని 1938కిని నడుమ దాదాపు ఇరువది యెనిమిది సంవత్సరములు గడచెను. గుహలో చూచిన రేఖ పల్లెవడ్రంగి భుజమున కెక్కుటకు అంతకాలము పట్టెను. ప్రేరణను మెఱుపుతో పోల్చుట మన కవులకు అలవాటు. మాకు అది విత్తనమువలె తోచును. విత్తనము నేలలో కుళ్లి తన రూపమును పోగొట్టుకొననిదే మొక్క రాదు. చూచినదాని రూపము చెక్కుచెదరక మన రచనలో కనబడుచున్నదన్నచో, అది యింకను మొలకెత్తలేదనియే అర్థము.

ఇక శిల్పమును గూర్చి. మన తెలుగుదేశముననే దీనికి చక్కని నిదర్శనము కలదు. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో నిర్మించిన రుద్రేశ్వరాలయమును జనులు రామప్పగుడి యందురు. ఇసుకతో నింపిన పునాదిమీద నిలిచిన కట్టడము, నీటిపై తేలునంత తేలికయైన ఇటుకలతో కట్టిన శిఖరము, నల్లఱాతిలో అద్దమువలె మెఱయు మదనికల విగ్రహములు దాని విశేషములు. 2021లో అది ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చబడెను. నాటినుండి దానిని చూడబోవువారి సంఖ్య పెరిగినది. చూచి వచ్చినవారిని ఏమి చూచితిరని యడిగినచో ఇటుక తేలునట యని చెప్పుదురు. వింత తెలిసినది, విగ్రహము తెలియలేదు.

ఆ విగ్రహములను చూచి ఊరకుండలేకపోయిన వారొకరు కలరు. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణగారు (1923–2011) రామప్పగుడి శిల్పములలోని నర్తకుల భంగిమలను పరిశీలించి, గణపతిదేవుని గజసేనాధిపతి జాయపసేనాని సంస్కృతమున రచించిన నృత్తరత్నావళిని అభ్యసించి, మఱుగుపడియున్న పేరిణి నృత్యమును రంగస్థలమునకు తెచ్చిరి. ఇందలి కష్టమును పాఠకులు ఒకింత ఊహింపవలెను. ఱాయి కదలదు. శిల్పి పట్టి నిలిపినది ఒక్క క్షణము మాత్రమే. ఆ క్షణమునకు ముందు కాలు ఎచటనుండెను? తరువాత ఎచటికి పోయెను? గ్రంథము కొంత చెప్పును. ఏ తాళమున, ఎంత వడిగా అను ప్రశ్న వచ్చినప్పుడు నర్తకుడు తన దేహమునే అడుగవలెను. ఒక భంగిమకును మఱియొక భంగిమకును నడుమ నున్న శూన్యమును పూరించుటయే ఆయన సృష్టి.

పేరిణిని గూర్చి మాట్లాడువారు కొందఱు, కాకతీయుల సైనికులు ఆడిన ఆటయే అక్షరాల మరల వచ్చినదని చెప్పుదురు. మాకు ఆ మాట నచ్చదు. ఏడువందల యేండ్లు తెగిపోయిన అడుగు అదే అడుగుగా తిరిగి వచ్చుట అసంభవము. అట్లు చెప్పుటవలన గౌరవము పెరుగుననుకొందురు గాని, నిజమునకు అది ఆచార్యుల ప్రతిభను తగ్గించుటయే. ప్రాచీనమును త్రవ్వితీసినవానికంటె, ప్రాచీనము చూపిన దారిలో క్రొత్త యడుగు వేసినవాడు అధికుడు. మన పాఠశాలలు, ప్రభుత్వసభలు పేరిణిని వేడుకగా ప్రదర్శించునప్పుడు ఈ సంగతిని చెప్పినచో, చూచు బాలునికి నేనును ఒక అడుగు వేయవచ్చునన్న ధైర్యము కలుగును. అంతయు పూర్వులే చేసిరని చెప్పినచో చప్పట్లు కొట్టుట తప్ప వానికి చేయవలసిన పని మిగులదు.

దేశాటనమునకు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రను మించిన నిదర్శనము మన భాషలో మేమెఱుగము. ఆయన 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి బయలుదేరి, కాశి మొదలగు క్షేత్రములను సేవించి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చెను. ఆ పదునైదు నెలలును తాను చూచినదానిని చూచినట్లు వ్రాయుచుండెను; అది 1838లో అచ్చుపడెను. పుణ్యమునకై పోయిన యాత్రయే. కాని గ్రంథమున నిలిచినది దారులు, మజిలీలు, నీటివసతి, సరకుల ధరలు, ఊరూర మాఱు ఆచారములు, భాషలు. ఆయన కవి కాడు, కవినని చెప్పుకొనలేదు. అయినను నేడు ఆ కాలపు దేశమును కన్నులకు కట్టించువారిలో ఆయన ముందునిలుచును. దానికి మూలము నిత్యమును వ్రాసికొను అలవాటు. వ్రాయవలసియున్నదని తెలిసిన కన్ను నిద్రపోదు. ఫొటో తీసిన పిమ్మట మనకు చూడవలసిన పని తీఱిపోయినట్లు తోచును; వ్రాయబూనిన పిమ్మట చూడవలసిన పని అప్పుడే ఆరంభమగును. ఫోనును మేము దూషించుట లేదు. అది చూపునకు తోడుగా నుండవలెను గాని బదులుగా ఉండరాదని మాత్రమే మా మనవి.

ప్రకృతిని గూర్చి చెప్పునప్పుడు మన మనస్సు గోదావరికి పోవుట సహజము. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావుగారు 1897లో పుట్టి 1925లోనే గతించిరి. ఆ యిరువది యెనిమిదేండ్ల జీవితమున ఆయనకు లభించిన గురుత్వములు పెక్కు. ప్రభుత్వకళాశాలకు 1909 మొదలు 1919 వఱకు అధ్యక్షుడుగా నుండిన ఆస్వల్డు కూల్డ్రే దొర స్వయముగా చిత్రకారుడు; బాలుని చేతిలోని నేర్పును గుర్తించి ప్రోత్సహించెను. పిమ్మట బొంబాయి కళాపాఠశాలలో దేహనిర్మాణమును గీయు క్రమశిక్షణ దొరకెను. అజంతాదర్శనము, కథియవాడ సంచారము ఆయన చూపును విశాలము చేసినవి. ఇన్ని తిరిగినవాడు తిరిగి యింటికి వచ్చి, 1923లో రాజమహేంద్రవరముననే చిత్రకళాశాలను నెలకొల్పెను. బొంబాయిలోనో కలకత్తాలోనో నిలిచియుండినచో పేరు త్వరగా వ్యాపించెడిదేమో. ఆయన తన యూరినే ఎంచుకొనెను.

దామెర్లవారి పురాణచిత్రములకును, బౌద్ధకథాచిత్రములకును ఎక్కువ ఖ్యాతి వచ్చినది. వానిలో కూర్పు నేర్పు గొప్పది. కాని ఆ కాలపు అభిరుచికి, అజంతాకు అవి పడిన ఋణము తీఱలేదని మాకు తోచును. తూర్పుకనుమలను చీల్చుకొని వచ్చు గోదావరిని ఆయన నీటిరంగులతో వ్రాసిన చిత్రములు వేఱు జాతివి. కొండల వరుస వెనుక కొండల వరుస, వానినడుమ నెమ్మదించిన నీరు: అచట ఎవరి కన్నులును ఎరవు రాలేదు. బొంబాయి క్రమశిక్షణయు, అజంతారేఖయు అందున్నవి. కాని ఏఱు కడలిలో కలిసినట్లు పేరులేక ఉన్నవి. ఆయన యింకను జీవించియుండినచో ఆ దారినే నడచియుండునని ఊహించుటకు మాకు ధైర్యము చాలదు. ఉన్న చిత్రములు చాలును. అవి నేడును రాజమహేంద్రవరములో ఆయన పేర నున్న చిత్రశాలలో ఉన్నవి. కూల్డ్రే ఆదరమునే పొందిన అడవి బాపిరాజుగారు (1895–1952) కుంచెతోపాటు కలమును పట్టి హిమబిందు, గోన గన్నారెడ్డి వంటి నవలలను వ్రాసిరి. గురువొకడే యైనను ఒకరికి నది నదిగా వచ్చెను, మఱియొకరికి చరిత్ర కథగా వచ్చెను. ప్రేరణ తన రూపమును తానే వెదకికొనునని చెప్పుటకు ఇంతకంటె ఏమి కావలెను?

ఆ చిత్రశాలను గూర్చి మఱియొక మాట చెప్పవలసియున్నది. దామెర్లవారి భార్య సత్యవాణిగారును, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారును చిత్రములు వ్రాసినవారే. ఒక యింటిలో ఒకనికి కలిగిన చూపు ఆ యింటి స్త్రీలకును పంచబడెను. అది దానముగా కాక, కుంచెయు కాగితమును కాలమును ఇచ్చుటచే జరిగెను. మేము ఈ వ్యాసమును ఆరంభించినప్పుడు మనస్సులో నుంచుకొన్న విషయమిదియే. మన సంస్కారవంతుల గృహములలో ఆడపిల్లకు చదువున్నది, ఉద్యోగమున్నది. తనదని చెప్పుకొనదగిన గడియ మాత్రము లేదు. మగవాడు ఏటియొడ్డునకు చల్లగాలికై పోయెను. ఆడుది అదే యేటియొడ్డునకు బట్టలు ఉదుకుటకు పోయెను. ఇరువురును చూచినది ఒకే నీరు. దానిని గూర్చి వ్రాయుటకు తీరిక దొరకినది ఒకరికే. పిమ్మట స్త్రీలలో ప్రకృతికవులు తక్కువ యేల యని ఆ మగవాడే ఆశ్చర్యపడెను.

అయినను ఆమె చేయి ఊరకున్నదా? ప్రతి యుదయమును వాకిట చుక్కలు పెట్టి, వానిని తడుముకొనకుండ ఒకే ఒడుపున చుట్టివచ్చు రేఖను చూడుడు. తామరపూవు, తీగ, చిలుక, చివరిదినమున రథము: తోటనుండియు, గుడినుండియు ఇంటి వాకిటికి వచ్చిన రూపములే అవి. ఒక చుక్క తప్పినచో ముగ్గంతయు వంకరపోవునని తెలిసిన చేతికి, కూర్పు అననేమో వేఱుగా చెప్పనక్కఱలేదు. అజంతాగోడమీది రేఖను మెచ్చుకొనుటకు శతయోజనములు పోవు మనము, తెల్లవాఱి ఎనిమిది గంటలకు ఈ రేఖను చెప్పుకాళ్లతో త్రొక్కి పోవుదుము. ముగ్గును అజంతాతో సమానము చేయుట మా ఉద్దేశము కాదు. సంప్రదాయమైన రేఖ తనకుతానుగా సృష్టి కాదు. దానిని మార్చి, విఱిచి, తన మాట పలికించునప్పుడే సృష్టి. ఆ మార్పునకు కావలసిన కాగితమును, కాలమును, వినువారిని ఆమెకు ఇచ్చితిమా యనునదియే ప్రశ్న.

పిల్లల విషయమును ఇట్టిదే. పాఠశాలలో చిత్రలేఖనమునకు కేటాయించిన గంటను పరీక్షలు దగ్గఱపడగానే గణితమునకు ఇచ్చివేయుట మనము చూచుచున్నదే. తల్లిదండ్రులు దానిని ఆక్షేపింపరు సరికదా, సంతోషింతురు. సెలవులలో మాత్రము అదే పిల్లలను హంపికో అజంతాకో తీసికొనిపోయి, గుడిముందు నిలువబెట్టి ఫొటో తీసి, గంటలో తిరిగి బండి యెక్కింతురు. ఏడాదిపొడుగున చూడనేర్పనివారికి ఒక్క దినమున ఏమి కనబడును? అంతకంటె ఊరిలోని పాతగుడి మండపముననో, చెఱువుగట్టుననో, నెలకొకసారి ఒక గంటసేపు ఒక కాగితమును పెన్సిలును ఇచ్చి కూర్చుండబెట్టినచో ఎక్కువ లాభము. ఒకే స్తంభమును నాలుగుమాఱులు గీయనిండు. బొమ్మ బాగున్నదా యని అడుగవలదు; పోయిననెల కనబడనిది ఈ నెల ఏమి కనబడినదని అడుగుడు. ఈ ప్రశ్నకు బదులు చెప్పగలిగిన పిల్లవాడు పెద్దవాడై అజంతాకు పోయిననాడు ఆ గోడ వానితో మాటలాడును.

దూరయాత్రలు వలదని మేము చెప్పుట లేదు. వీరాస్వామయ్య కదలకున్నచో గ్రంథము లేదు. నందలాలు గుహలకు పోకున్నచో ఆ రేఖ లేదు. దామెర్ల బొంబాయి చూడకున్నచో గోదావరి ఆయనకు అట్లు కనబడియుండదేమో. వారెవరును ప్రేరణను కొనితెచ్చుకొనుటకు పోలేదు. పోకముందు వారికొక ప్రశ్న యుండెను. పోయినచోట చేతికి పని యుండెను. తిరిగి వచ్చిన పిమ్మట తమ జనులును, తమ నేలయును ఎదురుచూచుచుండెను. ఈ మూటిలో మొదటి రెండింటికి ధనము అక్కఱలేదు. మూడవది మనము పుట్టిననాడే మనకు దొరకినది. ఇకమీద మా చదువరులలో ఎవరైనను యాత్రాప్రేరితమైన రచనను మాకు పంపునప్పుడు, ఏ క్షేత్రమును చూచితిరో పీఠికలో చెప్పనక్కఱలేదు. తిరిగి వచ్చిన పిమ్మట తమ వీథిలో క్రొత్తగా కనబడినదేమో వ్రాసి పంపుడు. దానిని మేము ముందుగా చదువుదుము.